రామగిరి మండల పాఠశాలల్లో పిల్లల మానసిక ఆరోగ్యంపై తీర్మానం

సెంటినరీ కాలనీలో సమావేశమైన రామగిరి మండల తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు ఈ కింది విషయాలను చర్చించారు.

ఈ ప్రాంతంలో బొగ్గు బాయి వేళలే ఇంటి వేళలు. రెండో షిఫ్టుకు పోయిన తండ్రి ఇల్లు చేరేసరికి పిల్లలు నిద్రలో ఉంటారు; వాళ్లు బడికి బయలుదేరేటప్పుడు ఆయన నిద్రలో ఉంటాడు. నైట్ షిఫ్టు వారంలో చప్పుడు చేయకుండా తిరగడం క్వార్టర్లలోని పిల్లలకు అలవాటే. అలాంటి ఇంట్లో పిల్లవాడు మాట తగ్గించినా, కంచంలో అన్నం వదిలేసి లేచినా వెంటనే తెలియదు. పగలంతా వాణ్ణి చూసేది బడే.

విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతున్న విద్యార్థిని మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పునిస్తూ, 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థల్లో అర్హత గల కౌన్సెలర్ ఉండాలని, చిన్న సంస్థలు బయటి నిపుణుల సాయం ఏర్పాటు చేసుకోవాలని ఆదేశించింది. మార్కులను బట్టి బ్యాచ్‌లుగా విడదీయడం, నలుగురిలో అవమానించడం కూడదన్నది. పిల్లలను మానసికంగా వేధించడాన్ని 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ అప్పుడే నిషేధించింది. పిల్లల మనసును చూసుకోవడం చట్టం లేక ఆగిన పని కాదు.

కావున సమావేశం తీర్మానించినది:

ఊళ్లలోని చిన్న బడులకు విడివిడిగా కౌన్సెలర్‌ను ఇవ్వడం సాధ్యం కాదు గనుక, కొన్ని బడులకు కలిపి ఒకరిని నియమించి, నిర్ణీత రోజుల్లో పంపాలి. జీతానికి జిల్లా ఖనిజ ఫౌండేషన్ ట్రస్టు నిధులను, సింగరేణి సామాజిక బాధ్యత నిధులను కోరాలి. బొగ్గు ఈ నేలదే అయినప్పుడు ఇది అడుక్కోవడం కాదు.

తల్లిదండ్రుల సమావేశం ఒకే రోజు రెండు పూటలా పెట్టాలి: రెండో షిఫ్టు వారికి పొద్దున, మొదటి షిఫ్టు వారికి సాయంత్రం. కాంట్రాక్టు కార్మికులు ఒక పూట కూలి పోగొట్టుకోకుండా ఆదివారం కూడా కలిసే వీలుండాలి.

మార్కులు తరగతిలో బిగ్గరగా చదవరాదు. కౌన్సెలర్‌ను కలిసిన సంగతి ఏ రిజిస్టరులోనూ, ప్రోగ్రెస్ కార్డులోనూ రాయరాదు. టెలి మానస్ 14416, చైల్డ్‌లైన్ 1098 నంబర్లను ఆఫీసు గదిలో కాక పిల్లలు నిలబడే చోట, నీళ్ల కుళాయిల దగ్గర రాయించాలి.

పదో తరగతి ప్రత్యేక తరగతుల వేళలు తగ్గించే విషయంలో ఏకాభిప్రాయం కుదరలేదు. ఫలితాలు పడిపోతాయని కొందరు ఉపాధ్యాయులు, నిద్రే ముందని ఎక్కువ మంది తల్లులు అన్నారు. ఈ అంశాన్ని వచ్చే సమావేశానికి వాయిదా వేశారు. మిగతావి ఏకగ్రీవంగా ఆమోదం పొందాయి.

ప్రతులు మండల, జిల్లా విద్యాధికారులకు, కలెక్టరుకు, సింగరేణి ఆర్జీ-3 ఏరియా జనరల్ మేనేజరుకు పంపాలి.