పిల్లల సంగీతానికి యాప్ కొనే ముందు

పోస్టు కొంచెం పొడుగు. తీరిక ఉన్నప్పుడు చదవండి.

మన సంఘం పిల్లలకు సంగీతం నేర్పడానికి ఒక యాప్‌కు ఏడాది చందా కడదామని కమిటీలో మాట వచ్చింది. ఉద్దేశం మంచిదే. డబ్బు పెట్టవలసిన చోటు మాత్రం అది కాదని నా అభిప్రాయం. ఆ యాప్ చెప్పే శాస్త్రంలో చాలా భాగం ఇంటర్నెట్‌లో ఊరికే దొరుకుతుంది. ఊరికే దొరకనిది మనిషి. పిల్ల శ్రుతి తప్పితే ఆపి, మళ్లీ పాడించే మనిషి. ఆ చందా డబ్బు ఆయనకిద్దాం.

ముందు మన పిల్లల చిక్కు ఏమిటో చూడండి. నాందేడ్‌లో సంగీతం క్లాసంటే ఎక్కువగా హిందుస్తానీయే. హార్మోనియం, తబలా, గాంధర్వ మహావిద్యాలయ మండల్ వాళ్ల పరీక్షలు. ఇంట్లో అమ్మమ్మ మాయామాళవగౌళ అంటుంది, క్లాసులో సార్ భైరవ్ థాట్ అంటారు. స్వరాలు రెండింటికీ అవే. శంకరాభరణం ఇక్కడ బిలావల్, ఖరహరప్రియ ఇక్కడ కాఫీ. అసలు తికమక తోడి దగ్గర. మన హనుమతోడి స్వరాలు ఇక్కడ భైరవి థాట్. ఇక్కడి తోడి మనకు శుభపంతువరాళి. రెండు పద్ధతులనూ పక్కపక్కన పెట్టి ఇది చెప్పేవాళ్లు లేక, పిల్లలు ఒకదాన్ని వదిలేస్తున్నారు. వదిలేది మనదాన్నే.

ఇక్కడ మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. మాది కోవిల్‌పట్టి ప్రాంతం. పక్కనే ఎట్టయపురం. నేను చదివింది తమిళ మీడియం కాబట్టి ఎట్టయపురం అంటే భారతియార్ పుట్టిన ఊరని మాత్రమే బడిలో చెప్పారు. ముత్తుస్వామి దీక్షితులవారు 1835లో కన్నుమూసింది అక్కడే. వారి వంశంలోని సుబ్బరామ దీక్షితులు 1904లో సంగీత సంప్రదాయ ప్రదర్శిని అచ్చువేయించింది కూడా అక్కడే. 72 మేళాలు, గమకాల గుర్తులు, కీర్తనల స్వరలిపి, విద్వాంసుల చరిత్రలు, అన్నీ ఉన్న మహాగ్రంథం. తమిళదేశం నడిబొడ్డున అచ్చయిన ఆ పుస్తకం తెలుగు లిపిలో ఉంది! ఆ రోజుల్లోనే బొంబాయి నుంచి భాత్‌ఖండేగారు దక్షిణ యాత్రకు వచ్చి, ఎట్టయపురం దాకా వెళ్లి సుబ్బరామ దీక్షితులను కలిశారు. వెంకటమఖి మేళాల పద్ధతిని శ్రద్ధగా చదివారు. తరువాత హిందుస్తానీ రాగాలను 10 థాట్‌లుగా సర్దిందీ ఆయనే. అంటే మన పిల్లలు ఇక్కడ మరాఠీలో రాసే పరీక్ష వెనుక మన మేళాల లెక్క కూడా ఉంది.

ఆ లెక్క ఎంత ముచ్చటైనదో నాలాంటి గుమాస్తాకు బాగా తెలుస్తుంది. బండి నంబరు చూసి రూటు చెప్పినట్టు, రాగం పేరు చూసి మేళం నంబరు చెప్పవచ్చు. క, ట, ప, య అనే నాలుగు అక్షరాలకూ ఒకటి. అక్కడి నుంచి వరసగా లెక్క. మాయామాళవగౌళలో ‘మ’ ఐదు, ‘య’ ఒకటి. తిప్పి చదివితే 15. మేచకళ్యాణిలో ‘మ’ ఐదు, ‘చ’ ఆరు. తిప్పితే 65. అందులోంచి 36 తీసేస్తే 29, శంకరాభరణం. రెంటికీ మధ్యమం ఒక్కటే తేడా. వర్ణమాల వచ్చిన పిల్లకు ఇది అరగంట పని. రాని పిల్లకు బట్టీయం.

ఇక ఊరికే దొరికేవి. సంగీత సంప్రదాయ ప్రదర్శినికి ఇంగ్లీషు రూపం ఐబిబ్లియోలో గురుగుహ పేరుతో ఉంది. త్యాగరాజ వైభవం అనే బ్లాగులో కీర్తనలు తెలుగు, దేవనాగరి, తమిళం మొదలైన లిపుల్లో అర్థాలతో సహా ఉన్నాయి. మరాఠీ మీడియం పిల్లలకు చాలా ఉపయోగం. శివ్‌కుమార్ కళ్యాణరామన్ అనే ఇంజనీరు తన సైట్‌లో స్వరలిపి, దాని పక్కనే పాడిన ఆడియో పాఠం పెట్టారు. కీబోర్డు పిల్లలకు మ్యూజిక్‌థియరీ డాట్ నెట్‌లో పాశ్చాత్య పాఠాలు, చెవికి అభ్యాసాలు ఉన్నాయి. రాసుకోవడానికి మ్యూజ్‌స్కోర్. చిన్నపిల్లలకు గూగుల్ వాళ్ల క్రోమ్ మ్యూజిక్ ల్యాబ్, లాగిన్ కూడా అక్కర్లేదు. ఇంతకు మించి లింకులు ఇవ్వకండి. యాభై లింకులు పంపితే పిల్ల ఒక్కటీ తెరవదు.

ఒక హెచ్చరిక. కీబోర్డు మీద గమకం రాదు. తోడి గాంధారం ఏ మెట్టు మీదా నిలబడదు. అది వినాలి, గొంతులో పలికించాలి. వినడానికి మన ఊళ్లోనే దొరుకుతుంది. తెల్లవారుజామున హుజూర్ సాహిబ్‌కు వెళ్తే ఆసా ది వార్ కీర్తన. గురు గ్రంథ్ సాహిబ్ 31 రాగాల కింద అమర్చిన గ్రంథం. దానికి టికెట్టూ లేదు, చందా లేదు.

స్వరరచన నేర్పడానికి కూడా సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టనక్కర్లేదు. ఒక మేళం ఇచ్చి, ఆదితాళంలో నాలుగు ఆవర్తనాలు సొంతంగా కాగితం మీద రాయమనండి. పాడి చూడమనండి. మరుసటి వారం అదే వరసను మధ్యమం మార్చి పాడమనండి. ఎక్కడ అందం పోయిందో, ఎక్కడ కొత్తది వచ్చిందో తనకే వినబడుతుంది. ఆ తరువాత మ్యూజ్‌స్కోర్‌లో ఎక్కించుకోనీండి.

‘పిల్లలకు ఇంగ్లీషు వస్తుంది కదా, తెలుగు అక్షరాలు ఎందుకు సార్’ అని ఒకరు అడిగారు. తెలుగులో పుట్టిన పుస్తకాన్ని తెలుగింటి పిల్ల ఇంగ్లీషులో చదవడం నేరమేమీ కాదు. కానీ కీర్తనలో ‘ళ’ను ‘ల’ అని, ‘ణ’ను ‘న’ అని పాడితే ఏ యాప్ దిద్దుతుంది? నేను ఇంట్లో అమ్మ దగ్గర, పాత క్యాలెండర్ వెనుక వైపు రాసి ఈ అక్షరాలు నేర్చుకున్నాను. బడి సాయం లేకుండానే వచ్చాయి. మన పిల్లలకూ వస్తాయి.

కాబట్టి కమిటీకి నా మనవి ఇది. ఆదివారం ఉదయం రెండు గంటలు హాలు ఇవ్వండి. మొదటి అరగంట తెలుగు అక్షరాలు, అది నేను చూసుకుంటాను. మిగతా గంటన్నర సంగీతం సార్. హిందుస్తానీ సార్ అయినా పరవాలేదు, మన పేర్లు పక్కన రాసిన పట్టిక నేను తయారుచేస్తాను. శ్రుతిపెట్టె ఒకటి, తెల్ల నోటుబుక్కులు కొన్ని. సారు గౌరవ వేతనం నెలనెలా చేతికి అందాలి, పండగ చందాలు వచ్చేదాకా ఆగమని చెప్పకూడదు. పిల్లల పేర్లు ఈ పోస్టు కిందే రాయండి, ఏ తరగతో, ఏ మీడియమో కూడా.