చంద్రయాత్రకు ఎవరి పేరు?
చంద్రుడి మీదికి మనుషుల్ని పంపిన పథకానికి 1960లో నాసా అధికారి ఏబ్ సిల్వర్‌స్టీన్ అపోలో అని పేరు పెట్టాడు. గ్రీకుల వెలుగు దేవుడైన అపోలో రథం ఆయన కంటికి ఘనంగా ఆనింది కాబోలు, చంద్రుడితో ఆ దేవుడికి పనేమీ లేదు. పన్నెండుమంది మగవాళ్లు అక్కడ నడిచొచ్చిన ఇన్నేళ్లకు, కొత్త పథకానికి అపోలో కవల సోదరి ఆర్టెమిస్ పేరు పెట్టారు. నా లెక్కన ఇది సగం న్యాయమే. ఆర్టెమిస్ మొదట వేట దేవత. తను స్నానం చేస్తుంటే చూశాడని ఒక వేటగాణ్ణి జింకగా మార్చి, వాడి కుక్కలే వాణ్ణి చీల్చేలా చేసిన మహాతల్లి! చంద్రుడితో ఆమెకు ముడి పడింది తర్వాతి కాలంలోనే. అసలు చంద్రదేవత సెలీనీ. ఆమెను తలుచుకున్నవాడు స్వీడన్ రసాయనవేత్త బెర్జీలియస్. 1817లో దొరికిన మూలకానికి సెలీనియం అని పేరు పెట్టాడు. దాని సమ్మేళనం ఇవాళ చుండ్రు షాంపూల్లో పనిచేస్తోంది.