తాబేటి ఓర్పు

మన సాహిత్యంలో తాబేటికి గౌరవ స్థానం ఉన్నది. క్షీరసాగర మథన వేళ మునిగిపోతున్న మందరగిరిని వీపున మోసిన ఆదికూర్మం కథ పోతన భాగవతం అష్టమ స్కంధంలో ఉన్నది. ఇంద్రియ నిగ్రహాన్ని బోధించే సందర్భంలో గీతాకారుడు అవయవాలను లోనికి ముడుచుకొనే కూర్మాన్నే ఉదాహరించాడు. చిన్నయసూరి నీతిచంద్రికలోని మిత్రలాభంలో కాకి, ఎలుక, జింకలతో చెలిమి చేసిన నాలుగవ ప్రాణి తాబేలే. ఈ కూర్మాలన్నింటినీ ఏళ్ల తరబడి తరగతి గదిలో పాఠంగా చెబుతూ వచ్చిన నేను, చెరువులో బతికే నిజమైన తాబేలు ఎలా బతుకుతున్నదో ఒక్కనాడూ ఆలోచించలేదు. ఆ ఆలోచనను నాకు కలిగించినవాడు నా విద్యార్థి.

అమీర్‌పేటను గురించి తెలుగు విద్యార్థులకు వేరుగా చెప్పనక్కరలేదు. మైత్రీవనం మొదలుకొని పంజాగుట్ట వరకు ఎటు చూసినా శిక్షణ సంస్థల ప్రకటనలు, వసతిగృహాల బోర్డులు, జనసమ్మర్దం. అటువంటి ఒక వసతిగృహంలో, కిటికీ కూడా సరిగా లేని గదిలో ఉంటున్న మా విద్యార్థి ఒకడు ఒకనాడు ప్లాస్టిక్ డబ్బాతో కళాశాలకు వచ్చాడు. అందులో అరచేతిలో ఇమిడే తాబేటి పిల్ల ఉన్నది. కంటి వెనుక ఎర్రని చార, ఆకుపచ్చని చిప్ప. అలంకరణ చేపలు అమ్మే అంగడిలో కొన్నానని చెప్పాడు.

"సార్, నిన్న ఇది నీటి అడుగున చాలాసేపు కదలకుండా పడి ఉంది. చచ్చిపోయిందని భయపడ్డాను. మళ్లీ దానంతటదే పైకి వచ్చింది. అంతసేపు ఊపిరి లేకుండా ఎలా ఉండగలిగింది?" అని అడిగాడు.

నాకు జవాబు తెలియలేదు. "దీన్ని ఎంతకాలం ఇలా ఉంచుతావు నాయనా?" అని మాత్రం అడిగాను.

"పరీక్షలు అయిపోయాక హుస్సేన్ సాగర్‌లో వదిలేస్తాను సార్. తాబేలు కదా, ఎక్కడైనా బతుకుతుంది" అన్నాడు.

వాని ప్రశ్న కంటె ఈ చివరి మాట నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. తాబేలు నిజంగా ఎక్కడైనా బతుకుతుందా? మా జంతుశాస్త్ర అధ్యాపకులను అడిగి, వారు ఇచ్చిన గ్రంథాలను చదివిన పిదప నాకు కలిగిన అభిప్రాయాన్ని ఈ వ్యాసంలో మీ ముందుంచుతున్నాను.

తాబేలు నీటిలో నివసించినా చేప వలె మొప్పలు గల ప్రాణి కాదు. దానికి మన వలెనే ఊపిరితిత్తులు ఉన్నవి. అయితే మనం ఊపిరి పీల్చినప్పుడు పక్కటెముకలు కదిలి రొమ్ము విప్పారుతుంది. తాబేటి పక్కటెముకలు చిప్పతో ఏకమై ఉన్నందున అవి కదలవు. అందుచేత అది పొట్టలోని ప్రత్యేకమైన కండరాల సహాయంతో గాలిని లోనికి తీసుకొని, వెలుపలికి విడుస్తుంది. కవచం దానికి రక్షణనిచ్చింది. ఊపిరి పీల్చడంలోని సౌలభ్యాన్ని మాత్రం తీసుకొన్నది.

ఈ ఇబ్బందిని తాబేలు తన పొదుపు గుణంతో దాటుతుంది. మనం ఎండలో ఉన్నా చలిలో ఉన్నా మన దేహం సుమారు 37 డిగ్రీల వేడిని నిలుపుకొనవలె. ఆ వేడిని పుట్టించడానికే మనం తినే ఆహారంలోను, పీల్చే ప్రాణవాయువులోను పెద్ద భాగం వ్యయమైపోతుంది. తాబేటికి ఆ ఖర్చు లేదు. పరిసరాల వేడియే దాని దేహపు వేడి. ఎండ కావలసినప్పుడు రాతి మీదికో మొద్దు మీదికో ఎక్కి కాచుకొంటుంది. చాలనుకొన్నప్పుడు నీటిలోకి జారుతుంది. ఎండ కాచుకోవడం సోమరితనం కాదు. తిన్నది జీర్ణం కావడానికి దానికి ఆ వేడి కావలె. ఇటువంటి ప్రాణులలో వేడి 10 డిగ్రీలు పెరిగితే దేహంలోని వ్యాపారాల వేగం సుమారు రెండు మూడు రెట్లవుతుంది. 10 డిగ్రీలు తగ్గితే అదే లెక్కన మందగిస్తుంది. చల్లని నీటిలోని తాబేటికి ప్రాణవాయువు చాలా కొద్దిగా సరిపోవడానికి ఇది మొదటి కారణం.

ఉత్తర అమెరికాలో వన్నెల తాబేలు అని చెప్పదగిన ఒక జాతి ఉన్నది. శీతకాలంలో అక్కడి చెరువుల పైభాగం గడ్డకట్టిపోతుంది. తాబేలు మంచు పలక కింద చిక్కుకొంటుంది. పైకి వచ్చి ఊపిరి పీల్చే దారి లేదు. ఆ నీటిలోని ప్రాణవాయువు కూడా క్రమంగా అడుగంటిపోవచ్చు. ఇట్టి స్థితిని అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయానికి చెందిన డొనాల్డ్ జాక్సన్ అనే శాస్త్రవేత్త దీర్ఘకాలం పరిశోధించాడు. సుమారు 3 డిగ్రీల చల్లదనంలో, ప్రాణవాయువు ఏమాత్రం లేని నీటిలో, ఈ తాబేలు మూడు నెలలకు పైగా సజీవంగా ఉండగలదని తేలింది. మనిషి మెదడుకు నాలుగైదు నిమిషాలు ప్రాణవాయువు అందకపోతే హాని మొదలవుతుందన్న సంగతి తలచుకొంటే దీని మహిమ మనకు బోధపడుతుంది.

ఇది ఎలా సాధ్యం? తాబేలు అప్పుడు తన అవసరాలను దాదాపు శూన్యానికి తగ్గించుకొంటుంది. గుండె రెండు మూడు నిమిషాలకు ఒకసారి కొట్టుకొంటుంది. మెదడులోని కణాలు తమ ద్వారాలలో చాలావాటిని మూసుకొని, శక్తి వ్యయాన్ని అతి స్వల్పం చేసుకొంటాయి. కాలేయంలో ముందే కూడబెట్టుకొన్న గ్లైకోజెన్ అనే పిండిపదార్థాన్ని ప్రాణవాయువుతో పని లేకుండానే కొద్దికొద్దిగా ఖర్చు చేస్తుంది. గీతాకారుడు చెప్పిన కూర్మం వెలుపలి అవయవాలను మాత్రమే ముడుచుకొన్నది. ఈ కూర్మం లోపలి అవయవాల పనిని కూడా ముడుచుకొంటున్నది!

అయితే ఈ పొదుపులో ఒక ప్రమాదం ఉన్నది. ప్రాణవాయువు లేకుండా పిండిపదార్థం ఖర్చయినప్పుడు లాక్టిక్ ఆమ్లం పుడుతుంది. వేగంగా పరుగెత్తినప్పుడు మన కండరాలలో పుట్టే ఆమ్లమే అది. నెలల తరబడి పేరుకొంటే రక్తం ఆమ్లమయమై ప్రాణం పోవలె. ఇక్కడ తాబేటిని ఆదుకొనేది దాని చిప్ప. చిప్పలోను, ఎముకలలోను ఉన్న కాల్షియం, మెగ్నీషియం కార్బొనేట్లు రక్తంలోకి వచ్చి ఆమ్లం తీక్ష్ణతను తగ్గిస్తాయి. అంతే కాదు, పుట్టిన లాక్టేట్‌లో చాలా భాగాన్ని చిప్ప, ఎముకలు తమలో ఇముడ్చుకొంటాయి. వసంతం వచ్చి మంచు కరిగాక ఊపిరి అందుతుంది. నిలువ ఉన్న లాక్టేట్ మెల్లమెల్లగా రక్తంలోకి తిరిగివచ్చి ఖర్చయిపోతుంది. శత్రువుల నుండి కాపాడే డాలు అని మనం అనుకొన్న చిప్ప, లోపలి విషం నుండి కూడా కాపాడే మందుల పెట్టె వంటిదన్నమాట.

ఇంతవరకు చదివినవారు "అయితే ఆ విద్యార్థి అన్నది నిజమే కదా!" అనుకోవచ్చు. అక్కడే పొరపాటు జరుగుతున్నది. తాబేటి ఈ ఓర్పు చల్లదనంతో కూడిన ఓర్పు. అదే వన్నెల తాబేటిని 20 డిగ్రీల వేడి గల నీటిలో ప్రాణవాయువు లేకుండా ఉంచితే అది ఓర్చుకొనే కాలం నెలలు కాదు, ఇంచుమించు ఒక దినం. వేడి పెరిగిన కొద్దీ దేహం అడిగే ప్రాణవాయువు పెరుగుతుంది. వేడి పెరిగిన కొద్దీ నీటిలో కరిగి ఉండే ప్రాణవాయువు తగ్గుతుంది. స్వచ్ఛమైన లీటరు నీటిలో 0 డిగ్రీల వద్ద సుమారు 14.6 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరిగి ఉండగలిగితే, 30 డిగ్రీల వద్ద అది సుమారు 7.5 మిల్లీగ్రాములు మాత్రమే. అనగా వేసవిలో అవసరం పెరిగే వేళకే సరఫరా తగ్గుతున్నది. మన దక్కను చెరువులు ఏ కాలంలోను గడ్డకట్టవు. కనుక మంచు కింద పనిచేసిన ఉపాయం మన చెరువులలో చెల్లదు.

మరి మన నేల మీది తాబేళ్ల ఉపాయం ఏమిటి? తెలుగునాట చెరువులలో, కుంటలలో, కాలువలలో కనిపించే మంచినీటి తాబేలు ఒకటి ఉన్నది. శాస్త్రవేత్తలు దానిని లిస్సెమిస్ పంక్టాటా అంటారు. దాని చిప్ప మీద గట్టి పలకలకు బదులు మెత్తని చర్మం ఉంటుంది. వెనుక కాళ్లను లోనికి లాక్కొన్నప్పుడు, పొట్టవైపు చిప్పకు అంటి ఉన్న చర్మపు రెప్పలు వాటిని కప్పివేస్తాయి. మెత్తని చిప్ప గల ఈ తాబేళ్ల కుటుంబంలో కొన్ని జాతులు ఊపిరితిత్తులతోనే కాక, చర్మం ద్వారాను గొంతులోని పొర ద్వారాను నీటిలోని ప్రాణవాయువును కొంత గ్రహించగలవు. నీరు మంచిదైనప్పుడే ఈ శక్తి ఉపయోగపడుతుంది.

మన తాబేటికి అసలు పరీక్ష వేసవి. చెరువు ఎండిపోయినప్పుడు అది బురదలోకి దూరి, చర్మపు రెప్పలు మూసుకొని, కదలిక మాని, తొలకరి కోసం నిరీక్షిస్తుంది. అమెరికా తాబేలు చలికి నిద్రపోతే మన తాబేలు ఎండకు నిద్రపోతుంది. దానికి శరణ్యం మంచు కింది నీరు కాదు, గట్టు కింది మన్ను. అది గుడ్లు పెట్టేది కూడా మన్నులోనే. ఈ ఒక్క సంగతిని గ్రహిస్తే మన నగరంలో జరుగుతున్న అపరాధం ఏమిటో అర్థమవుతుంది.

అమీర్‌పేట, పంజాగుట్టల మీద కురిసిన వాన నీరు నాలాల గుండా చివరకు హుస్సేన్ సాగర్ చేరుతుంది. 16వ శతాబ్దంలో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో నిర్మించిన ఈ సాగరం ఒకప్పుడు నగరానికి మంచినీరు ఇచ్చింది. కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు దానిలో కలుస్తాయి. నగరం పెరిగిన కొద్దీ ఇవి వాన నీటితో పాటు మురుగునీటిని, పరిశ్రమల వ్యర్థాలను కూడా మోసుకొని వచ్చాయి. మురుగును కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నీటిలోని ప్రాణవాయువును పీల్చుకొంటాయి. నీటి మీద గుర్రపుడెక్క పరుచుకొంటే వెలుతురు, గాలి రెండూ లోపలికి చేరవు. అటువంటి చెరువులలో చేపలు గుంపులుగా చచ్చి తేలిన వార్తలను మనం పత్రికలలో ఎన్నోసార్లు చదివాం.

చేప చచ్చితే చెరువు చెడిపోయిందని మనకు తెలుస్తుంది. తాబేలు అంత త్వరగా చావదు. పైకి తల ఎత్తి గాలి పీల్చి మళ్లీ మునుగుతుంది. దానిని చూచి మనం "చెరువు బాగానే ఉన్నది, తాబేళ్లు కూడా ఉన్నవి" అని తృప్తి పడతాం. ఇదే మోసం. తాబేలు చాలా ఏళ్లు బతికే ప్రాణి. గట్టున కనిపించే పెద్ద తాబేలు గడచిన దశాబ్దపు చెరువుకు సాక్షి. నేటి చెరువుకు కాదు. అడగవలసిన ప్రశ్న తాబేలు ఉన్నదా అని కాదు, తాబేటి పిల్లలు ఉన్నవా అని. గట్టంతా సిమెంటు గోడ అయినప్పుడు గుడ్లు ఎక్కడ పెట్టవలె? బురద మేట అంతా తవ్వి, అంచు వరకు బాట పరచినప్పుడు వేసవిలో ఎక్కడ దాగవలె?

వరదలు వచ్చే నగరానికి గోడలు అక్కరలేదా అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నయే. నాలా పొంగి ఇళ్లు మునిగినవారి కష్టం నాకు తెలియనిది కాదు. గోడ కావలసిన చోట గోడ కట్టవలసిందే. కాని, చెరువు చుట్టూ ఒక అంగుళమైనా వదలకుండా రాయి పరచడం వరద నివారణ కాదు, అలంకరణ. ప్రతి చెరువుకు ఒక పక్కనైనా ఏటవాలు మట్టిగట్టును, కొంత రెల్లును, కొంత బురదను విడిచిపెట్టవలె. మురుగును శుద్ధి చేయకుండా చెరువులోకి వదలరాదు. నా అభిప్రాయంలో ఈ రెండూ జరగని చెరువు సుందరీకరణకు అర్థం లేదు.

ఇక మా విద్యార్థి తాబేటి విషయం. ఎర్రచార గల ఆ తాబేలు మన దేశపు ప్రాణి కాదు. అమెరికాలోని మిసిసిపీ నదీ ప్రాంతం దాని జన్మస్థలం. పిల్లగా ఉన్నప్పుడు రూపాయి బిళ్లల సరసన ముద్దుగా కనిపిస్తుంది. పెరిగితే అడుగు పొడవు వరకు అవుతుంది, దశాబ్దాల పాటు బతుకుతుంది. దానిని చెరువులో వదలడం పుణ్యకార్యం కాదు. బతికితే మన తాబేళ్ల ఆహారాన్ని, ఎండ కాచుకొనే చోట్లను ఆక్రమిస్తుంది, రోగాలను అంటించవచ్చు. బతకకపోతే వదిలినవాడే చంపినవాడు. పోనీ, మన చెరువులోని తాబేటినే తెచ్చి పెంచుదామంటే అదీ తగదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన లిస్సెమిస్ మొదటి షెడ్యూలులోని ప్రాణి. దానిని పట్టడం, అమ్మడం, ఇంట ఉంచుకోవడం నేరం.

ఈ సంగతులన్నీ చెప్పినప్పుడు ఆ విద్యార్థి చాలాసేపు మౌనంగా ఉన్నాడు. తరువాత, "అయితే ఆ డబ్బాలో అది బతకడం లేదు సార్, ఓర్చుకుంటున్నది" అన్నాడు. నేను చెప్పదలచుకొన్నదంతా వాడు ఒక్క మాటలో చెప్పాడు. ఆ తాబేలు నేడు మా జంతుశాస్త్ర విభాగంలో ఎండ తగిలే పెద్ద తొట్టిలో, రాతి మీద కూర్చొని ఉంటున్నది.

ఓర్చుకోవడం వేరు, బతకడం వేరు. కష్టకాలాన్ని దాటడానికి ప్రకృతి తాబేటికి ఓర్పును ఇచ్చింది. అది ఒక ఋతువుకు సరిపోయే ఓర్పు. మంచు కరుగుతుందన్న నమ్మకం మీద అమెరికా తాబేలు, తొలకరి వస్తుందన్న నమ్మకం మీద మన తాబేలు ఊపిరిని పొదుపు చేసుకొంటాయి. కష్టానికి అంతు లేకుండా చేసి, ఎదుటి ప్రాణి ఓర్పును పరీక్షించే అధికారం మనకు ఎవరూ ఇవ్వలేదు. మందరగిరిని మోసిన కూర్మాన్ని పూజించే మనం, మన వీధి మురుగును మోస్తున్న కూర్మాన్ని కూడా ఒకసారి చూడవలె. చూచి, దాని వీపు మీది బరువును దించవలె.