చిట్టి కళ్లకు బొమ్మల బైబిలు!

రాత్రి భోజనాలు అయిపోతాయి. కుటుంబ ప్రార్థన మొదలవుతుంది. నాన్న బైబిలు తెరిచి ఒక అధ్యాయం చదువుతాడు. పిల్లలు బుద్ధిగా కూర్చుని వింటారు. చివర్లో ‘ఏం అర్థమైంది?’ అని అడిగితే మాత్రం... అందరివీ నేల చూపులే!

అమెరికాలో షికాగో దగ్గరున్న వీటన్ పట్టణంలో, కెన్నెత్ టేలర్ ఇంట్లో ఇదే వరస. ఆయనకు పదిమంది పిల్లలు. ఉద్యోగమేమో మూడీ ప్రెస్ అనే క్రైస్తవ ప్రచురణ సంస్థలో. ఊరంతటికీ పుస్తకాలు అందించే మనిషి... సొంత పిల్లలకే బైబిలు అందించలేకపోతున్నాడు! తప్పు పిల్లలది కాదు. 1611లో అచ్చయిన కింగ్ జేమ్స్ బైబిలులోని ఆ పాత ఇంగ్లిషు వాళ్లకు కొరుకుడుపడేది కాదు. దాంతో చదివిన ప్రతి భాగాన్నీ మళ్లీ మామూలు మాటల్లో చెప్పాల్సి వచ్చేది.

ఆ అలవాటులోంచే 1956లో ఒక పుస్తకం వచ్చింది. దాని పేరును తెలుగులో చెప్పాలంటే ‘చిన్ని కళ్ల కోసం బొమ్మల్లో బైబిలు’. ఒక బొమ్మ, దాని గురించి నాలుగు ముక్కలు, చివర్లో ఒకటి రెండు ప్రశ్నలు. అంతే! అసలు కిటుకు ఆ ప్రశ్నల్లోనే ఉంది. అప్పటిదాకా వింటూ కూర్చున్న పిల్లలు బొమ్మ మీద వేలుపెట్టి జవాబు చెప్పడం మొదలుపెట్టారు.

టేలర్ అక్కడితో ఆగలేదు. ఆఫీసుకు వెళ్లే రైల్లో కూర్చుని కొత్త నిబంధన పత్రికలను తేలిక భాషలో తిరగరాశాడు. 1962లో 2000 కాపీలతో సొంతంగా అచ్చు వేయించాడు. అదే పెరిగి పెద్దదై 1971లో ‘ద లివింగ్ బైబిల్’గా వచ్చింది. 2005లో, 88 ఏళ్ల వయసులో కన్నుమూసేనాటికి ఆయన పేరు తెలియని క్రైస్తవ పుస్తకాల షాపు అక్కడ అరుదే.

బొమ్మతో చెబితే పిల్లల బుర్రకెక్కుతుందన్నది కొత్త సంగతేమీ కాదు. మొరేవియాలో పుట్టిన బిషప్ కొమీనియస్ 1658లోనే పిల్లల కోసం బొమ్మల పాఠ్యపుస్తకం తెచ్చాడు. మన సండే స్కూలు టీచర్లు గుడ్డ అంటించిన బోర్డు మీద దావీదునీ గొల్యాతునీ అతికిస్తూ కథ చెప్పేదీ ఆ సూత్రంతోనే.

తెలుగు ఇళ్లలోనూ చిక్కు అదే. చర్చిలో చదివే బైబిలు ఎక్కువగా పాత గ్రాంథికంలో ఉంటుంది. పిల్లలు కంఠత వాక్యాలు గడగడా అప్పజెప్పి బహుమతులు తెచ్చుకుంటారు. అర్థం అడిగితే తెల్లమొహం వేస్తారు. అలాంటప్పుడు మేడిచెట్టెక్కిన పొట్టి జక్కయ్య బొమ్మ చూపించి, ‘ఈయన చెట్టెందుకు ఎక్కాడు?’ అని అడిగి చూడండి. మూడేళ్ల బుడతడైనా ఏదో ఒకటి చెప్పకుండా ఉండడు.

అయితే బొమ్మలతో ఒక తంటా ఉంది. అవి కొన్నిసార్లు బైబిలులో లేనివి కూడా చెబుతాయి! యోనాను మింగింది తిమింగలమని చాలా పుస్తకాల్లో ఉంటుంది. యోనా గ్రంథం చెప్పింది ‘పెద్ద చేప’ అని మాత్రమే. హవ్వ చేతిలో యాపిల్ పండు పెడతారు. అది ఏ పండో బైబిలులో లేనే లేదు. శిశువైన యేసును చూడ్డానికి వచ్చిన జ్ఞానులు ముగ్గురన్న లెక్కా అంతే. ఇక పశ్చిమాసియాలో యూదుల ఇంట పుట్టిన యేసుకు చాలామంది చిత్రకారులు ఐరోపావాళ్ల రంగూ రూపూ ఇచ్చేశారు.

అలాగని పుస్తకాన్ని పక్కన పడేయనక్కర్లేదు. దాన్నే ఆట చేసేయొచ్చు. ‘బొమ్మలో ఉన్నది బైబిలులో ఉందో లేదో వెతుకుదామా?’ అంటే చాలు... చదవడం వచ్చిన పిల్లలు పెద్ద బైబిలు తమంతట తామే తెరుస్తారు. వద్దన్నా చదువుతారు!

పిల్లలు గట్టి ప్రశ్నలే వేస్తారు. ఓడలోంచి తొంగిచూసే జిరాఫీలూ ఏనుగులూ ముద్దుగానే ఉంటాయి. ‘మరి ఓడ ఎక్కనివాళ్లు ఏమయ్యారు?’ అంటే ఏం చెప్పాలి? పీటర్ స్పియర్ అనే చిత్రకారుడు ఆ ప్రశ్నను దాటేయలేదు. దాదాపు మాటలే లేని ఆయన ‘నోవాస్ ఆర్క్’ పుస్తకంలో, బయట మిగిలిపోయిన జంతువుల చుట్టూ నీళ్లు పెరగడం కనిపిస్తుంది. లోపల జంతువులకు మేత వేయలేక, పేడ ఎత్తలేక నోవహు పడే అవస్థ కూడా. ఆ బొమ్మలకు 1978లో కాల్డెకాట్ పతకం దక్కింది.

అందుకే కష్టమైన ప్రశ్న వస్తే ‘నోర్మూసుకో, దేవుడికి కోపం వస్తుంది’ అని కసరకండి. అలా భయపెడితే పిల్లలు ఆ పుస్తకానికే దూరమవుతారు. ‘నాకూ బాధగానే ఉంటుందిరా’ అని ఒప్పుకోండి. వాన వెలిశాక వచ్చిన ఇంద్రధనుస్సు పేజీ వరకూ కలిసి చదవండి. పరీక్ష పెట్టొద్దు, నీతి నూరిపోయొద్దు. రాత్రికి ఒక్క బొమ్మ, ఒక్క ప్రశ్న చాలు. మొదట్లో ఆ ప్రశ్న మీరు వేస్తారు. నాలుగు రోజులు పోతే... వాళ్లే వేస్తారు!