రండు రండను పూటకూటిల్లు

జపానుదేశమున రామెన్ అను వంటకము మిక్కిలి ప్రసిద్ధము. గోధుమపిండితో చేసిన సన్నని పోగులను వేడి చారులో వేసి వడ్డింతురు. దీని పుట్టినిల్లు చీనాదేశము. 1910లో ఓజాకి కానిచి అను నాతడు టోకియో నగరమందలి అసకుసలో 'రైరైకెన్' అను పూటకూటిల్లు తెరచి, యొకొహామానుండి చీనా వంటవారిని రప్పించెను. 'రండు రండను ఇల్లు' అని ఆ పేరునకు భావము.

నేటికిని ఇట్టి యిండ్ల వాకిట నోరెన్ అను గుడ్డతెర వ్రేలాడుచుండును. దానిని తొలగించుకొని లోన అడుగిడగనే, పనివారందఱు 'ఇరాష్షైమాసె' యని యెలుగెత్తి స్వాగత మిత్తురు. భుజించి వెడలువాడు 'గొచిసోసామా' యని కృతజ్ఞత తెలుపును.

వర్తకుని మర్యాద ధనముకొఱకే గదా యని కొందఱందురు. నేను సమ్మతింపను. వచ్చినవాడు కూలివాడో, అధికారియో, ఎంత వ్యయము చేయునో తెలియకమున్నే ఆ పిలుపు వినబడును. మెచ్చి పైగా చిల్లర యిచ్చు ఆచారమును అచ్చట లేదు. పరదేశపు వంటవానిని ఆదరించినందుననే పరదేశపు వంటకము జపానువారికి స్వంతమైనది. ఆదరణ మనగా నిదియే.

బాలలారా! మన గడప త్రొక్కినవాని దుస్తులు చూడకమున్నే 'రండు' అని మన మనగలమా?