ప్రింటుకు రేటు కట్టేముందు సెస్సు లెక్క తేల్చండి

గ్రంథాలయాల్లో ప్రింట్లు ఉచితంగా ఇవ్వాలా, డబ్బు తీసుకోవాలా అన్న చర్చ ఎప్పుడొచ్చినా ‘నిధుల్లేవు’ అన్న ఒక్క ముక్కతో ముగిసిపోతోంది. నిధులు లేకపోవడం వేరు, వసూలైన నిధులు చేరకపోవడం వేరు. ఈ తేడా చెప్పని వార్త సగం వార్తే.

ఉదాహరణకు, శామీర్‌పేట్ మండలం లాల్‌గడి మలక్‌పేట్‌లో ఇంటి పన్ను కట్టేవాళ్లు దాంతోపాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కూడా కట్టాలి. పన్ను 3,000 రూపాయలైతే సెస్సు 240. పేజీకి 2 రూపాయలు వేసుకున్నా అది 120 పేజీల ఖరీదు. అంటే పాఠకుడు గ్రంథాలయంలో అడుగు పెట్టకముందే అతని ఇంటివాళ్లు చెల్లించేశారు.

ఈ సెస్సు ఎవరిది? తెలంగాణలో 1955 నాటి హైదరాబాద్ చట్టం, ఆంధ్ర ప్రాంతంలో 1948 నాటి మద్రాసు చట్టం ఉండేవి. వాటి స్థానంలో 1960లో ఉమ్మడి గ్రంథాలయ చట్టం వచ్చింది. ఆ చట్టమే నేటికీ మనకు ఆధారం. దాని 20వ సెక్షన్ ప్రకారం సెస్సు విధించేది గ్రంథాలయ సంస్థ. పంచాయతీ, మున్సిపాలిటీ దాన్ని వసూలు చేసి అప్పగించాలి, అంతే. నా దృష్టిలో అది స్థానిక సంస్థ ఆదాయమే కాదు. వీధి దీపాల కరెంటు బిల్లుకో, జీతాలకో సర్దుకునే అధికారం దానికి లేదు. అయినా జీహెచ్‌ఎంసీ సహా స్థానిక సంస్థల సెస్సు బకాయిల మాట ఏళ్లుగా వింటూనే ఉన్నాం. 2025లో లాల్‌గడి మలక్‌పేట్ పక్కనే ఉన్న అలియాబాద్ మున్సిపాలిటీ అయింది. బోర్డు మారినంత మాత్రాన ఈ బాధ్యత మారదు.

ఇక పేజీ రేటు. పన్నుకూ రుసుముకూ తేడా ఏమిటో శిరూర్ మఠం కేసులో సుప్రీంకోర్టు 1954లోనే చెప్పింది. రుసుమంటే చేసిన సేవకు ప్రతిఫలం. తర్వాతి తీర్పులు ఆ కొలతను సడలించినా, సేవకూ రుసుముకూ పొంతన ఉండాలన్న సూత్రం పోలేదు. కాబట్టి యంత్రం, కరెంటు, మరమ్మతు ఖర్చు సెస్సు ఖాతాలోంచి పోవాలి. పాఠకుడి దగ్గర తీసుకుంటే కాగితం, టోనర్ ఖర్చు తీసుకోవాలి. సమాచార హక్కు కింద కేంద్రం 2012 నిబంధనల్లో పేజీకి పెట్టిన రేటు 2 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి అదీ లేదు. గ్రంథాలయం ఆ హద్దు దాటడానికి కారణం కనబడదు.

ఉచితమంటే దుబారా అవుతుందన్న అభ్యంతరంలో కొంత నిజముంది. కార్ట్రిడ్జ్ పెట్టె మీద రాసే పేజీల సంఖ్య, పేజీలో సుమారు 5 శాతమే అచ్చు పడుతుందన్న లెక్క మీద వేసింది. ఫొటోలున్న హాల్‌టికెట్లు దాన్ని త్వరగా ఖాళీ చేస్తాయి. కానీ దీనికి విరుగుడు రేటు పెంచడం కాదు. నలుపు తెలుపు, రెండు వైపులా ముద్రణ, తెరమీద చూశాకే గ్రంథపాలకుడి అనుమతి, రోజుకు కొన్ని పేజీల పరిమితి చాలు. వచ్చేది ఎక్కువగా పోటీ పరీక్షల అభ్యర్థులే. వాళ్లడిగేది దరఖాస్తు, హాల్‌టికెట్, పాత ప్రశ్నపత్రం.

ఏ స్థానిక సంస్థ ఎంత సెస్సు వసూలు చేసింది, ఎంత జమ చేసిందో జిల్లా గ్రంథాలయ సంస్థ ఏటా ప్రతి శాఖ నోటీసు బోర్డులో పెట్టాలి. ఆ పని చేయకుండా నిరుద్యోగి ముందు రేట్ల పట్టిక పెట్టడం, ఒకసారి కట్టినవాడితో రెండోసారి కట్టించుకోవడమే.