వినేవారే అండ

తెలుగునాట పాట అంటే చాలామందికి ముందు గుర్తొచ్చేది సినిమా పాటే. కానీ తానే రాసి, తానే బాణీ కట్టి, తానే పాడే సంప్రదాయం మనకు అన్నమయ్య నాటి నుంచీ ఉంది. వంగపండు, గోరటి వెంకన్న నడిచిందీ ఆ దారిలోనే. ‘వల్లంకి తాళం’ సంపుటికి 2021 కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వెంకన్నకు దక్కినప్పుడు పాటకే పట్టం కట్టినట్టయింది.

ఆ దారి ఇప్పుడు కొత్త వాద్యాలతో సాగుతోంది. హైదరాబాద్‌లో చౌరస్తా బ్యాండ్ జానపదానికి రెగె లయను జోడించింది. ఆ బృందంలో పాడిన రామ్ మిరియాల 2021లో ‘జాతిరత్నాలు’ సినిమాలోని ‘చిట్టి’ పాటతో ఇంటింటికీ చేరారు. బెంగళూరు బృందం అగం కర్ణాటక సంగీతాన్ని రాక్‌తో కలిపింది. ఢిల్లీ బృందం బ్లడీవుడ్ ఢోల్ మోతతో మెటల్ సంగీతం వాయిస్తోంది.

సొంతంగా పాట చేసేవారి వెనుక నిర్మాత ఉండడు, భారీ ప్రచారం ఉండదు. అందుకే ఈ సంచికను స్వతంత్ర సంగీతకారులకు కేటాయించాం. పాట నచ్చితే రాసిందెవరో చూడండి. వారి మిగతా పాటలూ వినండి. మీ ఊళ్లో కచేరీ పెడితే టికెట్ కొని వెళ్లండి. నలుగురికీ చెప్పండి. కొత్త గొంతులు నిలబడేది మన ఆదరణతోనే.

— సంపాదకుడు